మెయిల్లో రాని మార్పు

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో ఆమెను అందరూ సర్వరమ్మ అనేవాళ్ళు. మొదట ఎవరో వేళాకోళానికి అన్న మాట, తరవాత అతుక్కుపోయింది. కొత్తగా చేరినవాళ్ళు అదే అసలు పేరనుకుని "సర్వరమ్మగారూ" అని గౌరవంగా పిలుస్తుంటే ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. కంపెనీ మెయిలు సర్వర్ను చూసుకోవడం ఆమె పని. మెయిళ్ళు వస్తున్నాయా, పోతున్నాయా, దారిలో ఎక్కడైనా ఇరుక్కున్నాయా అన్నదే పొద్దస్తమానం ధ్యాస. మెట్ల కింద కిటికీ లేని గది. గోడకు ఏసీ, ఏసీ కింద సర్వరు, సర్వరు పక్కన ఆమె బల్ల.

"ఆ ఏసీ నీకు పెట్టింది కాదే, దానికి పెట్టారు. దాని పుణ్యమా అని నీకూ కాస్త చల్లగాలి," అని మావయ్య ఆటపట్టించేవాడు.

మావయ్య అంటే ఆమె తల్లికి తమ్ముడు. ఆయనా అదే కంపెనీలో, పై అంతస్తులో ఫోన్ల బల్ల దగ్గర పనిచేసేవాడు. పసితనంలో వచ్చిన జ్వరానికి రెండు కళ్ళూ పోయాయి. నగరంలో ఎక్కడ ఏ లిఫ్టు మధ్యలో ఆగిపోయినా, లోపలివాళ్ళు ఎర్ర బొత్తం నొక్కితే ఆ పిలుపు తిన్నగా ఆయన చెవిలో మోగేది. ఏ భవనమో కనుక్కోవడం, దగ్గర్లో డ్యూటీలో ఉన్న మెకానిక్‌ను పంపడం, అతను చేరుకునేదాకా లోపలివాళ్ళు బెంబేలెత్తిపోకుండా కబుర్లు చెబుతూ ఉండడం ఆయన ఉద్యోగం. ఈ కబుర్లు చెప్పడం మాత్రం ఆయనకు ఉద్యోగంలా ఉండేది కాదు. లిఫ్టు బాగై తలుపులు తెరుచుకున్నా కొందరు ఫోను పెట్టకుండా "ఆ కథ ఏమైందో చెప్పండి" అని నిలబడిపోయేవాళ్ళట. ఇందులో నిజమెంతో, ఆయన కలిపిందెంతో ఎవరికీ తెలీదు. ఆయనేమీ తప్పు చెయ్యని మనిషి కాదు. ఒకే పేరున్న రెండు భవనాలుంటే ఒకదాని మెకానిక్‌ను ఇంకోదానికి పంపి తిట్లు తిన్న రోజులున్నాయి. తిట్లు తిని, ఆ తిట్టినవాణ్ణే నవ్వించి ఫోను పెట్టేవాడు.

తండ్రి పోయినప్పుడు సర్వరమ్మ ఇంకా బడిలో ఉంది. కర్మకాండలు అయ్యాక చుట్టాలంతా ఎవరిదారిన వాళ్ళు వెళ్ళిపోతే, మావయ్య ఒక్కడూ సంచీ, కర్రా పట్టుకుని వచ్చి వాళ్ళింట్లో ఉండిపోయాడు. ఆమెను చదివించింది ఆయనే. కంపెనీలో చిన్న ఉద్యోగం ఉందని తెలిసి లోపలికి తీసుకెళ్ళి "ఇది నా మేనకోడలండీ, నాకంటే నయం, దీనికి కళ్ళు కూడా ఉన్నాయి" అని పరిచయం చేసిందీ ఆయనే. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "చాలా సంబంధాలు చూశాను. చూసి నచ్చిన పిల్ల దొరకలేదు" అనేవాడు మొహం గంభీరంగా పెట్టి.

కంపెనీకి కొత్త మేనేజరు వచ్చినప్పుడు గొడవ మొదలైంది.

మేనేజరు చెడ్డవాడేం కాదు. అంతకుముందు మెకానిక్‌ల డ్యూటీలు రోజూ పొద్దున్నే సూపర్‌వైజరు అందరికీ చదివి వినిపించేవాడు. ఒకరు విన్నది ఇంకొకరు మరోలా వినేవారు. ఇదంతా ఎందుకని మేనేజరు డ్యూటీలన్నీ మెయిల్లోని క్యాలెండరులో పెట్టించాడు. ఎవరు ఎప్పుడు ఎక్కడుండాలో రంగురంగుల గడులుగా తెర మీద కనపడుతుంది. గడిని పట్టుకుని పక్కకు లాగితే డ్యూటీ మారిపోతుంది. అందరూ బాగుందన్నారు.

మావయ్యకు రంగులూ గడులూ దేనికి? ఆయన కంప్యూటరులో పాతకాలపు మెయిలు ప్రోగ్రాం ఒకటుండేది. ఏ హంగులూ లేని వట్టి అక్షరాల ప్రోగ్రాం. తెర మీది అక్షరాలను చదివి వినిపించే గొంతుకు అదొక్కటే సరిపడేది. ఆ గొంతుకు ఆయన "గొంతుగాడు" అని పేరు పెట్టుకున్నాడు. "గొంతుగాడికి ఈవాళ జలుబు చేసిందే, ముక్కుతో చదువుతున్నాడు" అనేవాడు. ఇప్పుడు క్యాలెండరు నుంచి వచ్చే ప్రతి డ్యూటీ మెయిలునూ గొంతుగాడు ఒక్కలాగే చదవసాగాడు: "సందేశం ఖాళీగా ఉంది. సందేశం ఖాళీగా ఉంది."

ఆయన ఈ సంగతి చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే మెకానిక్‌లందరికీ వరసగా ఫోన్లు చేసి, "నాయనా, ఈవాళ నీకు డ్యూటీ ఉందా? ఎంతవరకు?" అని అడిగి గుర్తుపెట్టుకునేవాడు. వాళ్ళు విసుక్కున్నారు. విసుగు మేనేజరు దాకా వెళ్ళింది. అతను మావయ్యను పిలిచి, కూర్చోబెట్టి, నెమ్మదిగానే చెప్పాడు.

"పెద్దాయనా, మిమ్మల్ని కస్టమర్లతో మాట్లాడే పనిలోకి మారుద్దామనుకుంటున్నాను. పని ఎలా ఉంది, ఇబ్బందులేమైనా ఉన్నాయా అని ఫోన్ చేసి అడగడమే. మీ గొంతు అందరికీ ఇష్టం. మీకే హాయి."

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయాడు.

"ఏమైందిరా? కూర బాలేదా?" అంది ఆయన అక్క, సర్వరమ్మ తల్లి.

"బాగుందక్కా."

"బాగుంటే తినాలి. కెలికితే ఏమొస్తుంది?"

అప్పుడు చెప్పాడు. చెప్పి, "ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడగాలట. లిఫ్టు బాగా పనిచేస్తున్నవాడికి ఫోన్ చేసి, బాబూ నీకేమైనా ఇబ్బందా అంటే, మీరు ఫోన్ చెయ్యడమే ఇబ్బంది అంటాడు," అని నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. సర్వరమ్మ ఆయన్ని అంతకుముందెప్పుడూ అలా చూడలేదు.

"కొన్నాళ్ళు ఆగమని చెప్పు మావయ్యా. నేనేదో ఒకటి చేస్తాను," అంది.

"నీ చేతిలో ఉందా?"

"ఆ మెయిళ్ళన్నీ నా దగ్గర్నుంచే కదా పైకొచ్చేది!"

ఆ మాట ఎంత ధీమాగా అందో తరవాత ఆమెకు చాలాసార్లు గుర్తొచ్చింది.

మర్నాటి నుంచి ఆమె ఆ పని మీదే కూర్చుంది. క్యాలెండరు మెయిలును సర్వరు తనకు మాత్రమే అర్థమయ్యే పద్ధతిలో మూట కట్టి పంపుతోంది. కొత్త ప్రోగ్రాములు ఆ మూట విప్పుకోగలవు, పాతవి విప్పుకోలేవు. అందుకే ఖాళీ. సర్వరు లోపలెక్కడో, ఎవరూ ముట్టుకోని ఓ మూల, సాదా ప్రోగ్రాములు వాడేవాళ్ళకు డ్యూటీలు ఏ రూపంలో పంపాలో చెప్పే ఏర్పాటు ఒకటుంది. అది వెతికి పట్టుకుంది. మొదట లింకు పంపేలా మార్చి చూసింది. మావయ్య ఆ లింకు తెరిస్తే క్యాలెండరు పేజీ వచ్చింది. గొంతుగాడు దాన్ని "బటన్, బటన్, బటన్" అని చదువుకుంటూ పోయాడు.

"వీడికి పిచ్చెక్కిందే," అన్నాడు మావయ్య.

తరవాత ఏ ప్రోగ్రామైనా అర్థం చేసుకోగల మామూలు క్యాలెండరు ఫైలుగా పంపేలా మార్చింది. ఆ ఫైలు చేరింది కానీ పాత ప్రోగ్రాముకు దాన్ని ఎలా తెరవాలో తెలీదు. సర్వర్లోని క్యాలెండర్నే తిన్నగా చూసుకునే దారి కూడా ఒకటుంది. ఆ దారిలో వెళ్ళాలంటే కొత్త ప్రోగ్రాం కావాలి, కొత్త ప్రోగ్రాముతో గొంతుగాడికి పడదు. ఒక తలుపు తీస్తే ఇంకో తలుపు మూసుకుపోతోంది. చివరికి మేనేజరు దగ్గరికే వెళ్ళి, మూలపడ్డ పాత మిషను ఒకటి అడిగింది. అతను కాదనలేదు. ఆ మిషనులో చిన్న ప్రోగ్రాం రాసి పెట్టింది. మావయ్యకు వచ్చే ప్రతి క్యాలెండరు ఫైలునూ అది మధ్యలో అందుకుని, విప్పి, మామూలు వాక్యాలుగా రాసి ఆయనకు మెయిలు చేస్తుంది. రోజూ పొద్దున్నే ఆ రోజు డ్యూటీలన్నీ ఒకచోట చేర్చి ఇంకో మెయిలు పంపుతుంది.

అందులో ఉన్న ఒక్క లోపం ఆమెకు మొదటినుంచీ తెలుసు. మధ్యలో డ్యూటీ మారితే, మార్చినవాళ్ళు ఆ మార్పును అందరికీ పంపితేనే ఈ మిషనుకు తెలుస్తుంది. గడిని లాగగానే తెర మీద చిన్న ప్రశ్న వస్తుంది: మార్పు సంగతి అందరికీ పంపాలా, వద్దా? "పంపు" అంటే మావయ్యకు మెయిలు వస్తుంది. "వద్దు" అంటే అందరి తెరల మీదా గడి జరుగుతుంది, మావయ్య దగ్గర మాత్రం పాతదే ఉండిపోతుంది.

మేనేజరు గదిలో నిలబడి ఈ ముక్కే చెప్పింది. "సార్, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఎప్పుడు మార్చినా 'పంపు' అనే నొక్కాలి. ఒక్కసారి కూడా మర్చిపోకూడదు."

"ఎందుకు మర్చిపోతానమ్మా?" అన్నాడతను. అతను ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ ఏర్పాటు మొదలైన రోజు మావయ్య అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళి కూర్చున్నాడు. సర్వరమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని ఆయన వెనకాల నిలబడింది. గొంతుగాడు చదివాడు: "ఈ రోజు ఉదయం నుంచి సాయంత్రం వరకు, పొడుగు మెకానిక్, నది అవతలి భవనాలు." మెకానిక్‌ల పేర్లు కాకుండా, ఆయన వాళ్ళను పిలుచుకునే పేర్లే వచ్చేలా ఆమె రాసిపెట్టింది. మావయ్య పగలబడి నవ్వాడు. చుట్టుపక్కల బల్లల వాళ్ళు లేచి వచ్చారు. ఆయన ఆ మెయిలునే మళ్ళీ మళ్ళీ వినిపించాడు వాళ్ళకు.

"ఇది మా పిల్ల చేసింది," అన్నాడు. "దానికి చిన్నప్పుడు అక్షరాలు దిద్దించింది ఎవరనుకున్నారు? వాళ్ళమ్మే. నేను పక్కన కూర్చుని వంకర పోతోందని అరిచేవాణ్ణి."

అలా ఏడాదికి పైగానే నడిచింది. ఉద్యోగం మార్చే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. సర్వరమ్మకు తన జీవితంలో ఒక్క పని సరిగ్గా చేశానన్న తృప్తి అప్పుడే కలిగింది. పొద్దున ఇద్దరూ కలిసి బస్సెక్కేవారు. ఆయన చెయ్యి ఆమె భుజం మీద ఉండేది.

ఆ రోజు కూడా అలాగే వెళ్ళారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నది అవతల ఒక భవనంలో లిఫ్టు ఆగిపోయింది. లోపల ఒక్కతే ఉంది ఒక దర్జీ ఆవిడ. కుట్టిన బట్టలు పై అంతస్తులో ఎవరికో ఇచ్చి కిందికి దిగుతోంది. ఎర్ర బొత్తం నొక్కింది. మావయ్య ఎత్తాడు. భవనం పేరు కనుక్కున్నాడు. పొద్దున గొంతుగాడు చదివిందాని ప్రకారం ఆ పక్కన పొడుగు మెకానిక్ డ్యూటీలో ఉన్నాడు. అతనికి కబురు పంపి, ఫోను చేశాడు. ఎత్తలేదు. మెకానిక్‌లు లిఫ్టు గొయ్యిలో దిగి ఉంటే ఫోను ఎత్తకపోవడం మామూలే. కబురు చూసుకుని తిన్నగా వచ్చేస్తారు. ఎప్పుడూ అలాగే జరిగేది.

కానీ పొడుగు మెకానిక్ అప్పటికి డ్యూటీలో లేడు. కూతుర్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాలని పదకొండు దాటాక అడిగితే మేనేజరు సరేనని అతని గడిని మర్నాటికి జరిపాడు. అతని బదులు ఇంకొకణ్ణి పెట్టాడు. ఆ పూటంతా ఇలాంటి మార్పులే. ప్రతిదానికీ అందరికీ మెయిళ్ళు పోతుంటే పనివాళ్ళు చిరాకు పడుతున్నారు. ప్రశ్న వచ్చింది. అతని వేలు "వద్దు" మీద పడింది.

బదులు వచ్చిన మెకానిక్ ఆ భవనానికి రెండు వీధుల అవతల టీ తాగుతూ కూర్చునే ఉన్నాడు. అతనికి ఎవరూ ఫోను చెయ్యలేదు.

దర్జీ ఆవిడకు ఉబ్బసం. పీల్చే మందు దుకాణంలో మర్చిపోయి వచ్చింది. మావయ్యకు ఆ సంగతి మొదట తెలీదు. తెలిశాక పొడుగు మెకానిక్‌కు మళ్ళీ మళ్ళీ చేశాడు. ఆస్పత్రిలో ఉన్న అతను ఫోను మోగకుండా పెట్టుకున్నాడు. నగరానికి ఈ వైపున్న మెకానిక్‌ను బయల్దేరమన్నాడు. అతను వంతెన మీద బళ్ళ మధ్య చిక్కుకున్నాడు. అంబులెన్సుకూ, అగ్నిమాపకం వాళ్ళకూ చెప్పాడు. మధ్యమధ్యలో లిఫ్టులో ఆవిడతో మాట్లాడుతూనే ఉన్నాడు. తలుపులు పగలగొట్టి బయటికి తీసేసరికి ఆవిడకు స్పృహ లేదు. ఆస్పత్రిలో ఆ సాయంత్రమే పోయింది.

విచారణ కంపెనీలోనే జరిగింది. పొడుగాటి బల్లకు ఒకవైపు యజమాని, ఆయన లాయరు, మేనేజరు. ఇంకోవైపు మావయ్య, సర్వరమ్మ. లిఫ్టు ఫోన్ల మాటలన్నీ రికార్డవుతాయి. దాన్ని పెట్టి వినిపించారు.

"భయపడకమ్మా, మెకానిక్ బయల్దేరాడు. వస్తున్నాడు."

"నాకు ఊపిరాడట్లేదు బాబాయ్."

"కింద కూర్చో తల్లీ. గోడకి ఆనుకుని కూర్చో. నెమ్మదిగా పీల్చు. వచ్చేస్తున్నాడు. పేరేంటమ్మా మీ పాపది?"

ఆవిడ పాప పేరు చెప్పింది. తరవాత చాలాసేపు మావయ్య గొంతు ఒక్కటే ఉంది. ఆయన ఆ పాప గురించి అడుగుతున్నాడు, ఏ తరగతని అడుగుతున్నాడు, వచ్చేశాడమ్మా, మలుపు తిరిగాడు, ఇంకొక్క నిమిషం అంటున్నాడు. అవతలి నుంచి గురకలాంటి శబ్దం. అదీ ఆగిపోయాక ఆయన "అమ్మా, అమ్మా" అని పిలుస్తూ ఉన్నాడు.

సర్వరమ్మ మావయ్య వైపు చూసింది. ఆయన తల పైకెత్తి, ఎవరో చదువుతున్న పాఠం వింటున్నట్టు కూర్చున్నాడు.

ఆమె లేచి నిలబడింది. మార్పు ఎప్పుడు జరిగిందో, అది మావయ్యకు ఎందుకు చేరలేదో సర్వర్లోంచి తీసి తెచ్చింది. ఒక్కొక్కటీ చెప్పింది. మేనేజరు అడ్డు చెప్పలేదు.

"నేనే నొక్కాను సార్, వద్దని," అన్నాడు. "ఈ అమ్మాయి నాకు ముందే చెప్పింది. ఆ వేళ తొందరలో..." అని మొహం చేతుల్లో దాచుకున్నాడు.

యజమాని కోపంగా లేడు.

"సరే. తప్పెవరిదో తరవాత చూద్దాం. నాకొక్కటి చెప్పండి. ఆ బల్ల దగ్గర కళ్ళున్న మనిషి కూర్చుని ఉంటే ఇది జరిగేదా?"

సర్వరమ్మ నోరు తెరిచింది. తెర మీద గడి జరిగింది. కళ్ళున్న ఎవరైనా చూసేవాళ్ళు. రెండు వీధుల అవతలి మనిషికి ఫోను చేసేవాళ్ళు.

"జరిగేది కాదండీ," అన్నాడు మావయ్య.

బస్సులో తిరిగి వస్తుంటే ఆమె ఆపుకోలేకపోయింది. "ఎందుకలా అన్నావు? నిన్నెవరడిగారు? నేను చెప్పేదాన్నిగా!"

"ఏం చెప్పేదానివి?"

ఆమె కిటికీ వైపు తిరిగింది.

"వస్తున్నాడని చెప్పానే ఆవిడకి," అన్నాడు. "మలుపు తిరిగాడన్నాను. ఎవడు తిరిగాడు? ఒక అబద్ధం చాల్లే. మళ్ళీ ఇంకోటి ఎందుకు?"

కొంతసేపటికి, "నీది తప్పు కాదు," అన్నాడు. ఆ మాట ఆయన చాలా మామూలుగా, ప్రేమగా అన్నాడు. అదే ఆమెకు భరించరానిదైంది. ఎందుకంటే ఆమె లోపల అప్పటికే లెక్క తేలిపోయింది. తను ఆ పాత మిషను అడక్కపోతే, ఆ ఏర్పాటు కుదరకపోతే, మావయ్య ఎవరికో ఫోన్ చేసి మీకేమైనా ఇబ్బందులున్నాయా అని అడుగుతూ, విసుక్కుంటూ, ఇంటికొచ్చి దాని మీద జోకులేస్తూ ఉండేవాడు. దర్జీ ఆవిడ కుట్టుమిషను ముందు కూర్చుని ఉండేది. ఒక లోపం ఉందని తెలిసీ, దాన్ని తీసుకెళ్ళి ఒక మనిషి వేలి కింద పెట్టి, పని అయిందనుకుంది. ఏడాదికి పైగా సంతోషంగా ఉంది.

మావయ్యను మానెయ్యమని ఎవరూ అనలేదు. ఆయనే మళ్ళీ వెళ్ళలేదు.

కొన్ని రోజులకు, దర్జీ ఆవిడ ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. అక్క వద్దంది. "వెళ్ళి ఏం చేస్తావురా? వాళ్ళ గాయం కెలకడం కాకపోతే!" సర్వరమ్మకూ వద్దనే ఉంది. కానీ ఆయన ఏదైనా కావాలని అడిగి చాలా రోజులైంది. తీసుకెళ్ళింది.

వీధి మీదికే ఉన్న చిన్న దుకాణం. సగం దించిన షట్టరు. లోపల ఒకే గది ఇల్లు. భర్త బయటికి వచ్చాడు. సర్వరమ్మ తామెవరో చెప్పింది. మావయ్య చేతులు జోడించి, "బాబూ, నేను..." అన్నాడు.

ఆ రెండు మాటలకే ఆ మనిషి మొహం మారిపోయింది. కంపెనీ వాళ్ళు అప్పటికే ఆ భర్తకూ ఆ రికార్డు వినిపించారు.

"దయచేసి మాట్లాడకండి," అన్నాడు. అరవలేదు. బతిమాలుతున్నట్టు అన్నాడు. "మీరేం అనక్కర్లేదు. నాకు మీమీద కోపం లేదు. కానీ ఆ గొంతు నాకు వినిపించకండి. లోపల పాప ఉంది."

సర్వరమ్మ మావయ్య చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పింది. వీధి చివరిదాకా వచ్చాక కూడా ఆయన జోడించిన చేతులు అలాగే ఉన్నాయి. ఆమె విడదీయాల్సి వచ్చింది.

ఆఫీసులో ఆ పాత మిషను తీసెయ్యమని పైనుంచి చెప్పారు. మేనేజరు తనే కిందికి దిగి వచ్చి ఆ మాట చెప్పాడు. ఆ సంఘటన తరవాత అతను సగమైపోయాడు. "నేనెవరితోనైనా తీయిస్తానమ్మా, నీకెందుకు," అన్నాడు. ఆమె వద్దంది. తనే కూర్చుని ప్రోగ్రాం ఆపింది. ఆ రోజు పొద్దుటి డ్యూటీల మెయిలు అప్పటికే తయారై మావయ్య పేరు మీద వెళ్ళిపోయింది. ఆయన విడిచిపెట్టి వచ్చిన దగ్గర్నుంచీ రోజూ అలా వెళ్తూనే ఉంది. ఆయన మెయిలు పెట్టె నిండా తెరవని మెయిళ్ళు. ఒక్కొక్కటే తీసేస్తూ కూర్చుంది. సర్వర్లో సాదా ప్రోగ్రాముల ఏర్పాటును మొదట ఎలా ఉండేదో అలా మార్చేసింది. అది వాడేవాళ్ళు ఇంకెవరూ లేరు.

తరవాత కంపెనీ మెయిళ్ళన్నీ బయటి సంస్థకు అప్పగించారు. సర్వర్ను ఇద్దరు మనుషులు వచ్చి మోసుకుపోయారు. ఆమెను పై అంతస్తులో వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎవరి మెయిలైనా పనిచెయ్యకపోతే ఆ బయటి సంస్థకు ఫోన్ చేసి చెప్పడం ఆమె పని. వాళ్ళు సరే చూస్తామంటారు. ఆమె సరేనని పెట్టేస్తుంది. కొత్త ఏర్పాటులో గడి జరిపితే వద్దన్నా అందరికీ తెలుస్తుందట. ఎవరో ఉత్సాహంగా వచ్చి చెప్పారు. ఆమె తలూపి, బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మావయ్య మాట్లాడ్డం మానెయ్యలేదు కానీ, అడిగినదానికి తప్ప చెప్పడు. అక్క ఏవేవో ప్రయత్నాలు చేసింది. పక్కింటివాళ్ళను పిలిచి కూర్చోబెట్టింది. రేడియో కొని తెచ్చింది. "ఒరేయ్, నన్నైనా తిట్టరా, నీ దోవకి అడ్డంగా కుర్చీ పెట్టాను చూడు," అని నిజంగానే కుర్చీ తీసుకెళ్ళి దారిలో పెట్టింది. ఆయన దానికి తగిలి, మోకాలు రాసుకుని, కుర్చీని పక్కకు జరిపి వెళ్ళిపోయాడు. అక్క వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

సర్వరమ్మ మొదట్లో రోజూ ఆయన పక్కన కూర్చుని ఏదో ఒకటి చెప్పేది. రానురాను చెప్పేవి అయిపోయాయి. ఆయన్ని చూస్తే జాలి కలగాలి. ఒక్కోసారి కోపం వచ్చేది. అంత ఇష్టంగా నా చేత చేయించుకున్నావెందుకు, ఆ మొదటి రోజునే ఇది వద్దే, నాకు భయంగా ఉంది అని ఉంటే నేను మానేసేదాన్నిగా అని అరవాలనిపించేది. ఆయన అలా అనలేదు, ఆమె అరవలేదు. కోపం తగ్గాక సిగ్గేసేది. ఇదంతా ఎవరికైనా చెప్పుకుందామంటే, చిన్నప్పటినుంచీ ఏదైనా చెప్పుకున్నది ఆయనకే.

ఒకరోజు ఆమె చెప్పులేసుకుంటూ ఉంటే మంచం మీంచి పిలిచాడు. ఆయనంతట ఆయన పిలవడం ఎన్నాళ్ళకో. ఒక కాలికి చెప్పుతోనే పరిగెత్తుకుంటూ వెళ్ళింది.

"ఏం మావయ్యా?"

"ఇప్పుడు పొద్దునా, సాయంత్రమా?"

కిటికీలోంచి ఎండ ఆయన దుప్పటి మీద, చేతుల మీద పడుతోంది. ఆ వేడి ఆయనకు తెలియాలి. కింద బడిపిల్లల బళ్ళ చప్పుడు. అదీ వినపడాలి.

"పొద్దున, మావయ్యా. నేను ఆఫీసుకి వెళ్తున్నాను."

"సరే," అన్నాడు. దుప్పటి పైకి లాక్కుంటూ, "వెళ్ళు మరి. బస్సు పోతుంది," అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తల్లి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సర్వరమ్మ రెండో చెప్పు వేసుకుని మెట్లు దిగింది. బస్సు రద్దీగా ఉంది. కమ్మీ పట్టుకుని నిలబడింది.